పాత డైనింగ్ టేబుల్ కొనేముందు దాని కాళ్లు చూడండి

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వీధుల్లో తెలుగు మాట వినిపించడం కొత్తేమీ కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. మగ్గం గదిలోనో ఒంటి గదిలోనో కాపురం మొదలుపెట్టిన ఇంటి పిల్లలు ఇప్పుడు రెండు గదుల ఫ్లాట్లకు మారుతున్నారు. అలా మారినప్పుడు వచ్చే ప్రశ్నల్లో డైనింగ్ టేబుల్ ఒకటి. ఆరు కుర్చీల కొత్త సెట్టు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. సగం ధరకే, ఒక్కోసారి ఇంకా తక్కువకే, ఎవరో వాడి వదిలేసిన సెట్టు దొరుకుతుంది. అమ్మే మనిషి బల్ల మీద అరచేత్తో చరిచి “ప్యోర్ సాగ్ హై, భాయ్” అంటాడు. సాగ్ అంటే టేకు.

కొనాలా వద్దా? చాలామంది దీన్ని బేరంగా మాత్రమే చూస్తారు. నిజానికి ఇది పదార్థ విజ్ఞానానికి సంబంధించిన ప్రశ్న. వయసు కొన్ని పదార్థాలకు మేలు చేస్తుంది, కొన్నింటిని లోపల్నుంచి తినేస్తుంది. అసలు టేకు బల్లకు ఇరవై ఏళ్లు నిండితే అది దాదాపు పరీక్ష పాసైనట్టే. పార్టికల్ బోర్డు బల్లకు అదే వయసు ఉంటే అది రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు. పాలిష్ వేశాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా కనిపెట్టడానికి ఓ అరగంట సమయం, ఫోన్‌లో టార్చి, ఒక టేపు, ఒక గుండుసూది చాలు.

నీళ్లలో మునిగిందా?

ఈ ప్రశ్న ఏ ఊళ్లోనైనా అడగాలి. సూరత్‌లో అయితే మొట్టమొదట అడగాలి. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల దాకా నీరు వదలాల్సి వచ్చింది. తాపీ నది పొంగి నగరంలో అత్యధిక భాగం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అంత పెద్ద వరద రాని ఏళ్లలోనూ గట్టి వాన పడితే ఊరి మధ్యగా పారే ఖాడీలు, అంటే వాగులు, పొంగుతాయి. మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్ ఇళ్లలోకి నీళ్లు రావడం స్థానికులకు అనుభవమే. కింది అంతస్తులో ఉన్న సామాను తడుస్తుంది. ఎండబెట్టి, రుద్ది, పాలిష్ వేస్తే చూపుకు ఏమీ తెలియదు.

కానీ కాళ్లు మరిచిపోవు. చెక్క అంటే ఒకప్పుడు చెట్టులో నీటిని పైకి మోసిన సన్నని గొట్టాల కట్ట. బల్ల కాలి అడుగు భాగంలో ఆ గొట్టాల నోళ్లన్నీ తెరుచుకుని నేలకు ఆనుకుని ఉంటాయి. కాలు అడుగడుగున నీళ్లలో నిలబడితే కేశనాళిక చర్య వల్ల నీరు ఆ గొట్టాల్లో బయటి నీటి మట్టం కంటే పైకి ఎగబాకుతుంది. నీరు వెనక్కి తగ్గాక, ఎక్కడిదాకా పాకిందో అక్కడ దానిలో కరిగిన లవణాలు, రంగు పదార్థాలు ఒక గీతగా పేరుకుంటాయి.

అందుకే బల్లను తలకిందులు చేయించండి. అమ్మేవారు విసుక్కున్నా సరే. నాలుగు కాళ్లు, ఆరు కుర్చీల కాళ్లు అన్నీ ఒకే వరుసలో పెట్టి చూడండి. రోజూ ఇల్లు తుడిచే తడిగుడ్డ వల్ల కూడా కాళ్ల అడుగున రంగు మారుతుంది. అది రెండు మూడు సెంటీమీటర్లకు మించదు, కాలుకీ కాలుకీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. వరద గీత అలా ఉండదు. నీటి మట్టం ఇంట్లో అంతటా ఒక్కటే కాబట్టి బల్లకూ కుర్చీలకూ దాదాపు ఒకే ఎత్తున మచ్చ ఉంటుంది. కాళ్ల కింది సగానికి మాత్రమే కొత్త పాలిష్ కనిపిస్తే అది కూడా ఒక రకమైన వాంగ్మూలమే. అతుకుల సందుల్లో గుండుసూదితో గీకి చూడండి. సన్నని బూడిదరంగు ఒండ్రు రాలితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. బల్ల అడుగున ఉన్న స్క్రూలు తుప్పు పట్టి, వాటి చుట్టూ చెక్క నల్లబడిందా అన్నదీ గమనించండి. చెక్కలోని టానిన్లు తడిలో ఇనుముతో కలిస్తే నల్లటి సమ్మేళనం ఏర్పడుతుంది. పాతకాలపు రాత సిరా తయారైందీ ఈ చర్యతోనే.

మునిగిందని తేలితే వెంటనే వద్దనాలా? అది ఏ చెక్కో దాన్ని బట్టి ఉంటుంది. గట్టి టేకు చేవ నీళ్లు తాగి ఉబ్బినా, నెమ్మదిగా ఆరితే దాదాపు పాత కొలతకే వస్తుంది. పార్టికల్ బోర్డు సంగతి వేరు. చెక్క పొట్టును జిగురుతో కలిపి, వేడి పెట్టి, గట్టిగా అదిమి దాన్ని తయారుచేస్తారు. అలా అణిగి ఉన్న ముక్కలకు నీరు తగిలితే అవి స్ప్రింగులా విచ్చుకుంటాయి, మధ్యలోని జిగురు బంధాలు తెగిపోతాయి. తర్వాత ఎంత ఆరబెట్టినా ఆ ఉబ్బు పోదు. అంచు ఒకచోట 18 మిల్లీమీటర్లు, ఇంకోచోట 20 మిల్లీమీటర్లు మందం ఉంటే ఆ రెండు మిల్లీమీటర్లూ నీటివే. అలాంటి బల్లను ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దన్నది నా మాట. స్పాంజి సీట్లున్న కుర్చీలు మురుగు కలిసిన నీళ్లలో తడిసి ఉంటే, చెక్క ఏదైనా సరే, ఆ స్పాంజిని పారేయాల్సిందే.

బరువును నమ్మకండి

“ఎత్తి చూడండి, ఎంత బరువుందో” అనేది పాత సామాన్ల దుకాణాల్లో తరచూ వినిపించే మాట. బరువుంటే మంచి చెక్క అని మనకూ ఒక నమ్మకం. లెక్క వేసి చూద్దాం. 150 సెంటీమీటర్ల పొడవు, 90 వెడల్పు, రెండున్నర మందం ఉన్న బల్ల పైపలక ఘనపరిమాణం సుమారు 0.034 ఘనపు మీటర్లు. టేకు సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 650 కిలోలు. అంటే పలక 22 కిలోలు తూగుతుంది. ఎం.డి.ఎఫ్. అనే పీచు బోర్డు సాంద్రత 700 నుంచి 800 దాకా ఉంటుంది. అదే కొలత పలక 25 కిలోల దాకా తూగుతుంది. నకిలీయే అసలు కంటే బరువు! మామిడి చెక్క కూడా టేకుకు దగ్గర దగ్గర బరువే ఉంటుంది. షీషమ్ ఇంకా ఎక్కువ.

నమ్మదగింది అంచు. గట్టి చెక్క పలకలో పైన కనిపించే గీతలు అంచు దగ్గర మలుపు తిరిగి కిందికి సాగుతాయి. పలక చివర, అంటే చెట్టును అడ్డంగా కోసిన ముఖంలో, గీతల బదులు సన్నని రంధ్రాలు, వంపు తిరిగిన వలయాలు కనిపిస్తాయి. టేకులో ఏటేటా పెరుగుదల మొదలయ్యే చోట పెద్ద రంధ్రాలు ఒక వరుసగా తీరి ఉంటాయి. టార్చి ఏటవాలుగా వేస్తే మామూలు కంటికే తెలుస్తాయి. పైన అందమైన గీతలుండి, చివర ముఖం మీద కూడా అలాంటి పొడవాటి గీతలే ఉంటే అది పైన అతికించిన పల్చటి వినీర్. ఒకే నమూనా పక్కపక్కన రెండుసార్లు కనిపిస్తే అది చెట్టు వేసింది కాదు, యంత్రం ముద్రించింది.

వినీర్ ఉన్నంత మాత్రాన చెడ్డది కాదు. కింద మంచి ప్లైవుడ్ ఉంటే దశాబ్దాలు వస్తుంది. బల్ల అడుగున ఐ.ఎస్.ఐ. ముద్ర కోసం వెతకండి. ఐ.ఎస్. 710 అని ఉంటే అది మెరైన్ ప్లైవుడ్. దాని నమూనాను 72 గంటలు నీళ్లలో ఉడికించినా పొరలు విడిపోకూడదని ఆ ప్రమాణం చెబుతుంది. ఐ.ఎస్. 303లో ‘ఎం.ఆర్.’ అని ఉండే రకం తేమను ఓర్చుకుంటుంది. అంటే గాలిలో చెమ్మను తట్టుకుంటుందనే తప్ప, నీళ్లలో నానినా ఫర్వాలేదని అర్థం కాదు. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియక నష్టపోయే వారు చాలామంది.

టేకుకు ఎందుకింత పేరు? దాని చేవలో ఉండే నూనెలు, క్వినోన్ జాతి రసాయనాలు చెదలకూ శిలీంధ్రాలకూ గిట్టవు. తేమ మారినా అది తక్కువగా కదులుతుంది. ఈ విషయం సూరత్‌కు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ ఊరి పక్కనే ఉన్న డాంగ్ అడవుల టేకు కోసం బ్రిటిష్ వారు 1842లో అక్కడి భిల్లు నాయకులతో కౌలు ఒప్పందాలు చేసుకున్నారు. ఓడల కోసం. అంతకు వందేళ్ల ముందే, 1736లో, సూరత్ నుంచి బొంబాయి వెళ్లిన పార్సీ వడ్రంగి లవ్జీ నస్సర్వాన్జీ వాడియా అక్కడి ఓడల నిర్మాణానికి పునాది వేశాడు. ఆ వంశం వారు మలబారు టేకుతో కట్టి 1817లో నీళ్లలోకి దించిన ‘ట్రింకోమలీ’ అనే యుద్ధనౌక ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్ రేవులో ఈనాటికీ తేలుతూనే ఉంది. రెండు వందల ఏళ్లు ఉప్పునీటిని చూసిన చెక్క అది. మన బల్ల మీద పడేది పప్పుచారు, మజ్జిగ.

అయితే ఒక హెచ్చరిక. ఈ గుణాలన్నీ చేవవి. దాని చుట్టూ ఉండే తెల్లటి లేత చెక్కకు ఇవేవీ లేవు. టేకు అని చెప్పి అమ్మే సామానులో లేత చెక్క కలవడం మామూలే. పాలిష్ లేని అడుగు భాగంలో పసుపు గోధుమ రంగు పక్కన పాలిపోయిన పట్టీలు కనిపిస్తే అవే.

పగుళ్లు చెప్పే కథ

సూరత్ వానాకాలంలో గాలి తేమ 80 శాతం దాటుతుంది. శీతాకాలం మధ్యాహ్నాల్లో 40 దరిదాపులకు పడిపోతుంది. చెక్క ఈ మార్పును అనుసరిస్తుంది. చుట్టూ గాలి 80 శాతం తేమతో ఉంటే చెక్కలో నీరు దాని పొడి బరువులో 16 శాతం దాకా చేరుతుంది. 45 శాతం తేమలో 8, 9 దగ్గర ఆగుతుంది. బల్ల మందంగా ఉండటం, పైన పాలిష్ ఉండటం వల్ల పూర్తి మార్పు జరిగేలోపే ఋతువు మారిపోతుంది. కాబట్టి లోపల మార్పు 4 శాతం అనుకుందాం.

పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుంది. పొడవునా మాత్రం దాదాపు కదలదు. చెక్క గోడలు దాదాపు 30 శాతం తేమ దాకానే ఉబ్బుతాయి కనుక, 4 శాతం మార్పుకు వాటా వేస్తే 90 సెంటీమీటర్ల వెడల్పు బల్ల ఏటా 3 నుంచి 7 మిల్లీమీటర్లు వెడల్పవుతూ, కుంచించుకుపోతూ ఉంటుంది. ఊపిరి పీలుస్తున్నట్టు.

అనుభవమున్న వడ్రంగి ఈ కదలికకు చోటు వదులుతాడు. పైపలకను కింది చట్రానికి బిగించే స్క్రూలకు గుండ్రటి రంధ్రాల బదులు పొడవాటి గాడులు పెడతాడు, లేదా కదిలే చిన్న బిళ్లలతో పట్టిస్తాడు. తెలియనివాడు నాలుగు వైపులా గట్టిగా స్క్రూలు కొట్టేస్తాడు. మొదటి ఒకటి రెండేళ్లలోనే పలక మధ్యలో పగులుతుంది. పాత బల్ల కొనడంలో లాభం సరిగ్గా ఇక్కడే ఉంది. పగలాల్సింది ఈపాటికే పగిలి ఉంటుంది. పదిహేను వానాకాలాలు చూసి కూడా పలక చీలలేదంటే చెక్క బాగా ఆరిందన్నమాట, చేసినవాడికి పని తెలుసన్నమాట. కొత్త బల్ల గురించి అలాంటి హామీ దుకాణదారు కూడా ఇవ్వలేడు.

గుండ్రటి బల్ల అయితే ఒక సరదా పరీక్ష ఉంది. గీతల వెంబడి ఒకసారి, గీతలకు అడ్డంగా ఒకసారి టేపుతో వ్యాసం కొలవండి. గట్టి చెక్క అయితే రెండు కొలతలూ కచ్చితంగా సమానంగా ఉండటం అరుదు. కొన్ని మిల్లీమీటర్ల తేడాతో బల్ల కొంచెం కోలగా మారి ఉంటుంది. రెండూ ఒకటే వస్తే అది బోర్డు కావచ్చునని అనుమానించండి.

బల్ల పైన తెల్లటి గిన్నె మచ్చలకు భయపడనక్కర్లేదు. వేడి, ఆవిరి తగిలినప్పుడు పాలిష్ పొరలో తేమ చిక్కుకుని సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడతాయి. అవి కాంతిని చెదరగొట్టడం వల్ల తెల్లగా కనిపిస్తుంది. చెక్కకు ఏమీ కాలేదు. నల్ల మచ్చ మాత్రం నీరు పాలిష్ దాటి లోపలికి వెళ్లిందని చెబుతుంది. బేరం ఆడటానికి తెల్ల మచ్చ వాడుకోండి, నిర్ణయానికి నల్ల మచ్చ వాడుకోండి. పసుపు మరకలైతే అసలు లెక్కలోకే రావు. పసుపులోని కర్కుమిన్ ఎండ వెలుతురులో విరిగిపోతుంది, నాలుగు రోజులు కిటికీ పక్కన ఉంటే అదే వెలిసిపోతుంది.

ముందు పోయేవి కుర్చీలే

డైనింగ్ సెట్టు కొనేవారు బల్లను నిమిషాల తరబడి చూస్తారు, కుర్చీలను లెక్కపెట్టి ఊరుకుంటారు. నిజానికి బల్ల మీద పడే బరువు కొద్దిగే, అదీ నిట్టనిలువుగా. కుర్చీ పడే బాధ వేరు. భోంచేశాక మనిషి వెనక్కి వాలతాడు. వాలినవాడు వీపుతో 300 న్యూటన్ల బలం, అంటే 30 కిలోల బరువంత, సీటుకు 40 సెంటీమీటర్ల ఎత్తులో వేస్తున్నాడనుకుందాం. తిప్పే బలం, భౌతిక శాస్త్రంలో టార్క్, 120 న్యూటన్ మీటర్లు. వెనక ఉన్న రెండు అతుకులు దాన్ని చెరిసగం పంచుకుంటాయి. ఒక్కో అతుకు దగ్గర సీటు పట్టీ ఎత్తు నాలుగైదు సెంటీమీటర్లే. 60 న్యూటన్ మీటర్లను 4 సెంటీమీటర్లలో ఆపాలంటే 1500 న్యూటన్లు కావాలి. వీపుతో 30 కిలోలు నెడితే ఒక్కో అతుకును 150 కిలోలు లాగుతున్నట్టు! రోజుకు మూడు పూటలు, ఏళ్ల తరబడి.

పట్టీ చివరను నాలుకలా చెక్కి, కాలిలో తొలిచిన బెజ్జంలోకి దిగేసి, జిగురు పెట్టిన అతుకు దీన్ని బాగా తట్టుకుంటుంది, ఎందుకంటే బలం చాలా పెద్ద ఉపరితలం మీద పరుచుకుంటుంది. గుండ్రటి చిన్న కర్ర ముక్కలతో కలిపిన అతుకు అంతకంటే తక్కువ. స్క్రూలతో మాత్రమే నిలబడిన బోర్డు కుర్చీ అన్నిటికంటే తక్కువ. బోర్డులో స్క్రూను పట్టుకునేది పొట్టు మాత్రమే. ఒకసారి విప్పి బిగిస్తే ఆ పట్టు ఇంకా సడలుతుంది. ఇల్లు మారినప్పుడల్లా విప్పిన బోర్డు ఫర్నిచర్ అందుకే ఊగుతుంది. అమ్మేవారు “విప్పి ఇస్తాం, ఇంటికెళ్లి బిగించుకోండి” అంటే, గట్టి చెక్కకు సరే, బోర్డుకు మాత్రం ఆలోచించండి.

పరీక్ష తేలిక. కుర్చీ సీటు మీద ఒక మోకాలు ఆనించి, వీపు పట్టీని ముందుకూ వెనక్కూ మెల్లగా కదిపి, వెనక అతుకును చూడండి. అక్కడ సన్నని గీత తెరుచుకుని మూసుకుంటూ ఉంటే జిగురు వదిలేసిందన్నమాట. టక్‌టక్‌మని చప్పుడు వచ్చినా అంతే. ఆరింటినీ ఇలా చూడాలి, ఒక్కదాన్ని చూసి వదలకూడదు. గట్టి చెక్క కుర్చీ అతుకు వదులైతే విప్పి, పాత జిగురు గీకి, మళ్లీ అతికించడం వడ్రంగికి పెద్ద పని కాదు. పాత జిగురు గీకకుండా పైన కొత్తది పోస్తే మాత్రం నిలవదు, ఎందుకంటే జిగురు చెక్క రంధ్రాల్లోకి దిగితేనే పట్టు. పగిలిన కాలు వేరే కథ. దాన్ని మార్చాల్సిందే.

బల్ల ఊగితే వెంటనే బల్ల తప్పు అనుకోకండి. దుకాణం నేల ఎగుడుదిగుడుగా ఉండొచ్చు. బల్లను ఉన్నచోటే మెల్లగా తిప్పండి. నాలుగు కాళ్ల చివరలూ ఒకే మట్టంలో ఉన్న చదరపు బల్ల అయితే, నేల మరీ గతుకులమయం కాకపోతే, పావు చుట్టు తిరిగేలోపు ఎక్కడో ఒకచోట నాలుగు కాళ్లూ ఆనుకుని నిలుస్తుంది. సెర్న్ ప్రయోగశాలలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త ఆంద్రే మార్టిన్ 2005లో దీనికి గణిత నిరూపణ కూడా రాశాడు. ఎటు తిప్పినా ఊగుతూనే ఉంటే తప్పు కాళ్లది.

వెంట వచ్చే అతిథులు

అద్దె ఇంట్లో ఉండేవారు ఈ భాగాన్ని మరింత జాగ్రత్తగా చదవాలి. చెడ్డ బల్లను మళ్లీ అమ్మేయవచ్చు. దానితో వచ్చిన పురుగులు బల్లతో తిరిగి వెళ్లవు.

గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు, వాటి కింద గోధుమపిండిలాంటి మెత్తటి పొడి కనిపిస్తే అది పుచ్చు పురుగు. ఇది లేత చెక్కలోని పిండిపదార్థం కోసం వస్తుంది. తల్లి పురుగు చెక్క రంధ్రాల్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు నెలల తరబడి లోపల తొలుచుకుంటూ బతుకుతాయి, పెద్దయ్యాక బయటికి వస్తాయి. కాబట్టి రంధ్రం ఒక పురుగు వెళ్లిపోయిందని మాత్రమే చెబుతుంది, లోపల ఇంకా ఉన్నాయో లేదో చెప్పదు. తొణకగానే జలజలా రాలే లేత రంగు పొడి అయితే పని ఇంకా జరుగుతోంది. ముద్దకట్టి, రంగు మారిన పొడి అయితే అది పాత చరిత్ర. చెక్క పాతబడే కొద్దీ పిండిపదార్థం తగ్గిపోతుంది, ఈ పురుగుకు ఆకర్షణ కూడా తగ్గుతుంది. మామిడి, రబ్బరు చెక్కల్లో మాత్రం జాగ్రత్తగా చూడాలి.

పొడి బదులు గసగసాలంత గట్టి గింజలు రాలితే అవి పొడి చెక్క చెదల విసర్జన. భూతద్దంలో చూస్తే ఒక్కో గింజకూ ఆరు పలకలుంటాయి. మామూలు చెదల్లా వీటికి మట్టితో, నేల తడితో పని లేదు. కుర్చీ కాలిలోనే కాపురం పెట్టి, అక్కడి నుంచి మీ తలుపు చట్రంలోకి చేరగలవు. ఈ గింజలు కనిపించిన సెట్టును నేనైతే ఇంటి గడప దాటనివ్వను.

ఇక నల్లులు. కుర్చీ సీటు కింద నల్లగుడ్డ కొట్టి ఉంటుంది చూడండి, దాని మడతలు వాటికి ఇష్టమైన చోటు. స్క్రూ గుంటలు, కుట్టు మడతలు, పట్టీల సందులు టార్చితో వెతకండి. పురుగు కనిపించకపోయినా మిరియాల పొడి చల్లినట్టు చిన్న నల్ల చుక్కలుంటే అవి వచ్చిపోయిన గుర్తులు. తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు కాబట్టి “గోదాములో చాలాకాలంగా ఉంది, ఏమీ ఉండవు” అన్న మాట చెల్లదు. 50 డిగ్రీలు దాటిన వేడి చెక్క లోపలిదాకా తగిలితే పురుగులు, గుడ్లు చస్తాయి. ఎండలో పెడితే పైభాగమే అంత వేడెక్కుతుంది. అవి నీడ వైపు సందులోకి జరిగిపోతాయి. సీటు కవరు, స్పాంజి మార్చేసి, చట్రాన్ని సందు సందునా శుభ్రం చేయించడమే నమ్మకమైన దారి.

వాసన, రంగు, అద్దం

బోర్డులను అతికించే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు మెల్లగా వెలువడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి శ్రేణిలో చేర్చింది. విచిత్రంగా, ఇక్కడ పాత బోర్డుదే పైచేయి. ఎక్కువ వాయువు మొదటి నెలల్లో, సంవత్సరాల్లోనే వెళ్లిపోతుంది. కానీ వేడి, తేమ పెరిగితే ఆ జిగురు మళ్లీ విడిపోతుంది, అందువల్ల తడిసిన పాత బోర్డుకు ఈ మెచ్చుకోలు వర్తించదు. సొరుగు తెరిచి ముక్కు పెట్టి చూడండి. కళ్లు చురుక్కుమంటే వద్దు. బూజు వాసన వచ్చినా వద్దు.

రంగు వేసిన కుర్చీలైతే ఎప్పటివో అడగండి. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు పెచ్చులు ఊడుతూ ఉంటే, ఇంట్లో పాకే పిల్లలుంటే, తీసుకోకపోవడమే మంచిది. ఆ రంగును ఇంట్లో పొడిగా గరుకు కాగితంతో రుద్దడం ఇంకా పెద్ద పొరపాటు, సీసం ధూళిగా మారి ఊపిరిలోకి వెళుతుంది.

అద్దం పైపలక ఉంటే అది టఫెన్డ్ గాజేనా అని తెలుసుకోవాలి. మామూలు గాజు పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. టఫెన్డ్ గాజు చిన్న గుళికల్లా రాలిపోతుంది. చాలాసార్లు మూలలో చిన్న ముద్ర ఉంటుంది. ముద్ర లేకపోతే పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని, ఆకాశం ప్రతిబింబం పడేలా గాజును ఏటవాలుగా చూడండి. వేడి గాజును గాలి ఊది హఠాత్తుగా చల్లార్చినప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడి మసక చుక్కలుగా, పట్టీలుగా కనిపిస్తుంది. అంచు పెచ్చు లేచిన టఫెన్డ్ గాజు మాత్రం వద్దు. అంచు దాని బలహీన స్థలం. పాలరాయి పైపలక అయితే మన వంటకు పొసగదు. అది కాల్షియం కార్బొనేట్, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం దాన్ని తినేస్తాయి. పులుసు చిందిన ప్రతిచోటా మెరుపు పోతుంది.

చివరి లెక్క

ఇంతా చూశాక డబ్బు లెక్క. అంకెలు మీవి మీరు వేసుకోండి, పద్ధతి కోసం ఒక ఊహ: పాత టేకు సెట్టు 18 వేలు, టెంపో, మెట్లు ఎక్కించే కూలీ 2 వేలు, ఆరు సీట్లకు కొత్త స్పాంజి, గుడ్డ 4 వేలు, రెండు కుర్చీల అతుకులు, పాలిష్ కలిపి 4 వేలు. మొత్తం 28 వేలు. దుకాణంలో కొత్త బోర్డు సెట్టు 25 వేలు. పైకి కొత్తదే చవక. కానీ ఇంకో పదేళ్లకు టేకు సెట్టును మళ్లీ బాగుచేయించవచ్చు, అమ్మవచ్చు. బోర్డు సెట్టుకు ఆ రెండు అవకాశాలూ చాలా తక్కువ. ఇల్లు తరచూ మారేవారికి ఈ తేడా ఇంకా పెద్దది. అదే, పాతది కూడా బోర్డే అయితే, కొత్త ధరలో మూడో వంతుకు మించి పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

ఇంకొక చిన్న లెక్క కూడా ఉంది. పొడి చెక్క బరువులో దాదాపు సగం కార్బన్. 40 కిలోల టేకు బల్లలో 20 కిలోల కార్బన్, అంటే ఒకప్పుడు చెట్టు గాలిలోంచి లాక్కున్న 73 కిలోల కార్బన్ డయాక్సైడ్ బందీగా ఉంది. బల్ల పొయ్యిలోకి పోకుండా ఎన్నేళ్లు నిలిస్తే అన్నేళ్లు అది అక్కడే ఉంటుంది.

కొన్నాక సెట్టును నేరుగా వంటింటి పక్కకు చేర్చకుండా బాల్కనీలోనో వరండాలోనో వారం రోజులు నీడన ఉంచండి. ప్రతి కాలి కింద నల్ల కాగితం పరచండి, రాలే పొడి దాని మీద తేలిగ్గా కనిపిస్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టకండి, పైపొర త్వరగా ఆరి, లోపలి పొర ఆరక పగుళ్లు పడతాయి. కాళ్ల అడుగున రబ్బరు బిళ్లలు కొట్టించండి. ఖాడీ పక్కన కింది అంతస్తులో ఉంటే, జూన్ రాకముందే ఆ కాళ్ల కింద పెట్టడానికి నాలుగు ఇటుకలు కూడా సిద్ధం చేసుకోండి.